మీ ప్రశ్న – మా జవాబు: ఎస్.ఆర్.నగర్‌లో ఎస్.ఆర్. ఎవరు?

ఈసారి కాలమ్ మొత్తం ఒకే మనిషి గురించి. తప్పు నాదే. పోయిన సంచికలో ఎవరో రాష్ట్రపతులైన తెలుగువాళ్ల గురించి అడిగితే రెండు లైన్లలో తేల్చేసి, నీలం సంజీవరెడ్డి గారి సంగతి ఇంకోసారి తీరిగ్గా మాట్లాడుకుందాం అని రాసి ఊరుకున్నా. ఆ "ఇంకోసారి" ఎప్పుడని ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ వచ్చిపడ్డాయి. మెచ్చుకున్నవాళ్లున్నారు, తిట్టినవాళ్లున్నారు, గ్రూప్-2కి చదువుకుంటున్న పిల్లలైతే తేదీలు పంపండి సార్ అన్నారు. మాదీ అనంతపురం జిల్లానే కాబట్టి ఊరి అభిమానం కొంచెం అటూఇటూగా కనపడొచ్చు, కనపడితే చెప్పండి.

రోజూ మెట్రోలో ఎస్.ఆర్.నగర్ స్టేషన్ మీదుగానే ఆఫీసుకి పోతా. ఎస్.ఆర్. అంటే ఏంటి అని మా రూమ్మేట్‌ని అడిగితే ఎవరో వెంచర్ వేసిన రియల్ ఎస్టేట్ ఆయన పేరు అయ్యుంటది అన్నాడు. నిజమేనా? – ఓ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

మీ రూమ్మేట్‌ని ఏమీ అనకండి, హైదరాబాద్‌లో సగం కాలనీల పేర్లు అలాగే పుట్టాయి కాబట్టి పాపం అలా అనుకున్నాడు. ఎస్.ఆర్. అంటే సంజీవరెడ్డి. ఆంధ్రప్రదేశ్ మొట్టమొదటి ముఖ్యమంత్రి, లోక్‌సభకి రెండుసార్లు స్పీకరు, దేశానికి ఆరో రాష్ట్రపతి. స్పీకరుగా చేసి రాష్ట్రపతి కూడా అయిన మనిషి ఇప్పటిదాకా ఈయనొక్కరే. పుట్టింది 1913 మే 19న, అనంతపురం జిల్లా ఇల్లూరులో, ఇప్పుడది గార్లదిన్నె మండలం కిందకి వస్తుంది. మద్రాసు అడయార్‌లో దివ్యజ్ఞాన సమాజం వాళ్ల స్కూల్లో చదివి, తర్వాత అనంతపురం ఆర్ట్స్ కాలేజీలో చేరారు, 1929లో గాంధీ గారు మా వైపు వచ్చి వెళ్లాక ఇంక ఈయనకి పుస్తకం మీద ధ్యాస నిలవలేదు, 1931లో చదువు వదిలేశారు. అంటే మనిషి జీవితంలో మొదటి రాజీనామా కాలేజీకే అన్నమాట. ఈ రాజీనామా అన్న మాట గుర్తుపెట్టుకోండి, కింద చాలాసార్లు వస్తుంది.

25 ఏళ్లకే, 1938లో, ఆంధ్ర ప్రాంత కాంగ్రెస్ కమిటీకి కార్యదర్శి అయ్యి పదేళ్లు అందులోనే ఉన్నారు, అందులోనూ 1940 నుంచి 1945 మధ్య ఎక్కువ కాలం జైళ్లలోనే గడిచింది. అమరావతి జైల్లో, మన కృష్ణా ఒడ్డు అమరావతి కాదండీ, విదర్భ అమరావతి, ఈయనతో పాటు ప్రకాశం పంతులు గారు, కామరాజ్, వి.వి.గిరి ఉన్నారు. ఆ గిరి గారి పేరు కూడా గుర్తుపెట్టుకోండి.

సార్, సంజీవరెడ్డి, సంజీవయ్య – ఇద్దరూ రాయలసీమే, ఇద్దరూ సీఎంలే, ఇద్దరూ ఏఐసీసీ అధ్యక్షులే. ప్రతి మాక్ టెస్టులో ఒక మార్కు ఇక్కడే పోతోంది. ఏదన్నా చిట్కా చెప్పండి. – గ్రూప్-2 అభ్యర్థి, తిరుపతి

చిట్కా ఉందమ్మా. ఇద్దరూ కుర్చీలు మార్చుకున్నారు అని గుర్తుపెట్టుకో, చాలు. 1956 నవంబర్ 1న రాష్ట్రం పుట్టినరోజునే నీలం సంజీవరెడ్డి సీఎం. 1960 జనవరిలో ఢిల్లీ పిలిచింది, కాంగ్రెస్ అధ్యక్షుడిగా వెళ్లారు, ఆ ఖాళీలోకి కర్నూలు జిల్లా పెదపాడు బిడ్డ దామోదరం సంజీవయ్య వచ్చారు, అప్పటికి ఆయనకి 40 కూడా లేవు, దేశంలోనే మొదటి దళిత ముఖ్యమంత్రి. 1962 మార్చిలో రెడ్డి గారు తిరిగొచ్చి సీఎం అయ్యారు. అయితే ఆ ఏడే సంజీవయ్య ఢిల్లీ వెళ్లి కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. అటు వాళ్లు ఇటు, ఇటు వాళ్లు అటు. ట్యాంక్‌బండ్ పక్కన పార్కు సంజీవయ్యది, మెట్రో స్టేషన్ సంజీవరెడ్డిది. ఇంకా మార్కు పోతే నాకు సంబంధం లేదు.

మా తాత ఎప్పుడూ చెప్పేవాడు, సంజీవరెడ్డిని మొదటి ఎలక్షన్లోనే సొంత బావమరిదే ఓడించాడని. ఇది నిజమా, ఊళ్లో కట్టుకథా? – ఓ డిగ్రీ విద్యార్థి, తాడిపత్రి

నిజమే నాయనా, మీ తాతని నమ్ము. స్వాతంత్ర్యం వచ్చాక జరిగిన తొలి సాధారణ ఎన్నికల్లో, మనమింకా మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు, అనంతపురంలో కాంగ్రెస్ తరఫున సంజీవరెడ్డి నిలబడ్డారు. అప్పటికే మద్రాసు ప్రభుత్వంలో మద్యనిషేధం, గృహనిర్మాణం, అడవుల శాఖల మంత్రిగా రెండేళ్లు చేసొచ్చిన మనిషి. ఎదురుగా కమ్యూనిస్టు అభ్యర్థి తరిమెల నాగిరెడ్డి, వరసకి బావమరిది. గెలిచింది నాగిరెడ్డి.

మా వైపు పల్లెల్లో దీన్ని ఇప్పటికీ కథలా చెప్పుకుంటారు, ఒకే పెళ్లి పందిట్లో కూర్చునే ఇద్దరు, ఒకరు ఖద్దరు, ఒకరు ఎర్రజెండా. నాగిరెడ్డి కూడా పెద్ద రైతు కుటుంబమే, ఆయన దారి చివరిదాకా వేరే, అది ఇంకో కాలమ్‌కి సరిపడా కథ. సంజీవరెడ్డి విషయానికొస్తే, ఓడిపోయినా ఆగలేదు. అదే కాలంలో రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్ష పదవికి ఎన్.జి.రంగా లాంటి దిగ్గజంతో పోటీపడి గెలిచారు, దాంతో రంగా గారు పార్టీనే వదిలిపోయారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడితే ప్రకాశం గారి కింద ఉప ముఖ్యమంత్రి, తర్వాత బెజవాడ గోపాలరెడ్డి గారి కిందా ఉప ముఖ్యమంత్రే. ఈ ఉప ముఖ్యమంత్రి మాట కింద ప్రశ్నలో ముల్లులా గుచ్చుకుంటది చూడండి.

ఎస్.ఆర్.నగర్ అని పేరు పెట్టి మా నెత్తిన ఎక్కించిన్రు గానీ, తెలంగాణకు ఇచ్చిన మాట తప్పిన మొదటి మనిషి ఆయనే కదా? పెద్దమనుషుల ఒప్పందం గురించి గూడ జర రాయుండ్రి, ఊకె పొగడకుండ. – ఓ పాఠకుడు, హన్మకొండ

రాస్తానండీ, దాచేదేముంది. ఆంధ్ర, తెలంగాణ కలిసి ఒకే రాష్ట్రం అయ్యేముందు, 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో రెండు వైపుల నాయకుల మధ్య కుదిరిన ఒప్పందం అది. ఆంధ్ర వైపు నుంచి గోపాలరెడ్డి, సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు, తెలంగాణ వైపు నుంచి బూర్గుల రామకృష్ణారావు, కె.వి.రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి.నర్సింగరావు. అందులో సూటిగా ఉన్న మాట ఏంటంటే సీఎం ఒక ప్రాంతం నుంచి ఉంటే డిప్యూటీ సీఎం రెండో ప్రాంతం నుంచి ఉండాలి. సంతకం పెట్టిన సంజీవరెడ్డే సీఎం అయ్యారు, డిప్యూటీని మాత్రం పెట్టుకోలేదు. ఎందుకయ్యా అంటే ఆ పదవి చేతికి ఆరో వేలు లాంటిది అన్నారని చెబుతారు, ఆ మాటని తెలంగాణలో ఇప్పటిదాకా ఎవరూ మర్చిపోలేదు, 1969లో ఉద్యమం లేచినప్పుడు కూడా మాట తప్పిన చిట్టా చదివితే మొదటి పద్దు ఇదే.

నాకు నవ్వొచ్చేది ఎక్కడంటే, అంతకుముందు ఇద్దరు ముఖ్యమంత్రుల దగ్గర తనే ఆ ఆరో వేలుగా ఉన్నారు కదా! తను ఉన్నప్పుడు పనికొచ్చిన వేలు, ఎదుటివాళ్లకి ఇవ్వాల్సి వచ్చేసరికి ఎక్కువైపోయింది. తర్వాత వచ్చిన సంజీవయ్య గారు కె.వి.రంగారెడ్డి గారిని డిప్యూటీ సీఎం చేశారు, అంటే చెయ్యాలనుకుంటే చెయ్యగలిగిన పనే అది. ఊరి అభిమానంతో కూడా దీన్ని నేను సమర్థించలేను.

కాకపోతే ఆ మూడేళ్లలో ఇంకేం జరగలేదు అంటే మాత్రం ఒప్పుకోను. 1958 జనవరి 11న ఆర్టీసీ పుట్టింది, 1959లో షాద్‌నగర్‌లో నెహ్రూ గారి చేతుల మీదుగా పంచాయతీరాజ్ మొదలయింది, రాజస్థాన్ తర్వాత మనదే. సరే, ఆర్టీసీ మాట వచ్చింది కాబట్టి తర్వాతి ఉత్తరం.

నేను ఆర్టీసీలో 31 ఏళ్లు చేసి రిటైరయ్యా. మా డిపోలో పాతవాళ్లు చెప్పేవాళ్లు, బస్సుల వల్లే ఒక సీఎం కుర్చీ పోయిందని. ఆ కేసు వివరంగా చెప్పగలరా? – ఓ రిటైర్డ్ కంట్రోలర్, కర్నూలు

మీ జిల్లా కేసే సార్ అది. ఆర్టీసీ వచ్చాక ప్రైవేటు బస్సుల రూట్లని ఒక్కో జిల్లాగా ప్రభుత్వం తీసుకుంటూ వస్తోంది, అందులో పెద్దగా తప్పుబట్టేదేం లేదు, చట్టంలో ఉన్నదే. గొడవ ఎక్కడొచ్చిందంటే వరసలో. 1962 ఎన్నికలయ్యాక, ఏ ప్రాంతం ముందు తీసుకోవాలన్న లెక్క ఉన్నట్టుండి మారి కర్నూలు జిల్లా పడమటి వైపు రూట్లు ముందుకొచ్చాయి. ఆ రూట్లలో బస్సులు తిప్పేవాళ్లలో ముఖ్యమంత్రికి రాజకీయంగా పడనివాళ్లున్నారు, ఎలక్షన్లో ఎదురు పనిచేశారని వాళ్ల మీద కసితో ఇలా చేశారు అని ఆపరేటర్లు కోర్టుకెక్కారు. సంజీవరెడ్డి ఆ ఎన్నికల్లో గెలిచింది కూడా కర్నూలు జిల్లా డోన్ నుంచే అని గుర్తుంచుకుంటే వేడి ఎక్కడ ఉందో అర్థమవుతుంది.

కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. అక్కడ ఆయన్ని దెబ్బకొట్టింది ఒక చిన్న కాగితం, అది కూడా లేని కాగితం. ఆరోపణ నేరుగా ముఖ్యమంత్రి మీద, పేరు పెట్టి, ప్రమాణపత్రంతో చేశారు. దానికి జవాబు ప్రభుత్వం తరఫున అధికారులు ఇచ్చారు గానీ, నేను అలా చెయ్యలేదు అని ముఖ్యమంత్రి స్వయంగా అఫిడవిట్ వెయ్యలేదు. ఆయన మనసులో ఏముందో ఆయనకి తప్ప ఇంకెవరికి తెలుస్తుంది, ఆయనే నోరు విప్పకపోతే ఆరోపణ అట్లాగే నిలబడుతుంది కదా అన్న లెక్కన కోర్టు దురుద్దేశం ఉన్నట్టే తీసుకుని, ఆ రూట్లు తీసుకునే స్కీమ్‌ని కొట్టేసింది. 1964 మొదట్లో తీర్పు వచ్చింది, ఫిబ్రవరిలో సంజీవరెడ్డి రాజీనామా ఇచ్చేశారు, కాసు బ్రహ్మానందరెడ్డి సీఎం అయ్యారు.

ఇక్కడ నా అభిప్రాయం రెండు ముక్కలు. రూట్ల విషయంలో కసి లేదని నేను చెప్పలేను, చెప్పాల్సిన ఆయనే చెప్పలేదు. కానీ ఆ తీర్పులో సీఎం దిగిపోవాలని ఎక్కడా లేదు, స్కీమ్ చెల్లదని మాత్రమే ఉంది. రివ్యూ పిటిషనో, ఇంకో స్కీమో అంటూ ఏళ్లు గడిపెయ్యొచ్చు, ఇప్పుడైతే అంతే చేస్తారు, తీర్పు కాపీ ఇంకా అందలేదు అని కూడా అంటారు. ఆయన ఆ పని చెయ్యలేదు. మా పెదనాన్న ఆర్టీసీలోనే కండక్టరు, కేసులో సంజీవరెడ్డి చేసింది తప్పే అనేవాడు, అంటూనే "దిగిపోవడం మాత్రం మగాడిలా దిగాడప్పా" అని టికెట్ మిషన్ తుడుచుకునేవాడు.

పోయిన కుర్చీ బదులు నాలుగు నెలలు తిరక్కుండానే కేంద్రంలో శాస్త్రి గారి కేబినెట్‌లో ఉక్కు, గనుల శాఖ వచ్చిందనుకోండి, కాబట్టి మరీ సన్యాసమేం కాదు. 1966లో ఇందిర వచ్చాక రవాణా, పౌర విమానయానం, టూరిజం.

1969లో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థిని కాంగ్రెస్ ప్రధానమంత్రే ఓడించింది అంటారు. అదెట్లా సాధ్యం? అప్పట్లో విప్ లేదా? కొంచెం అర్థమయ్యేలా చెప్పండి. – ఓ సాంఘిక శాస్త్రం టీచరు, ఏలూరు

టీచరు గారూ, దీనికి కొంచెం చోటు ఎక్కువ తీసుకుంటా.

1967లో హిందూపురం నుంచి లోక్‌సభకి గెలిచి స్పీకరయ్యారు సంజీవరెడ్డి. అవగానే చేసిన పని కాంగ్రెస్ సభ్యత్వానికి రాజీనామా. స్పీకరుకి పార్టీ ఉండకూడదు అని. అంతకుముందు ఏ స్పీకరూ అలా చెయ్యలేదు, తర్వాతవాళ్లు ఎంతమంది చేశారో మీరే పిల్లల్ని అడగండి. 1969 మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ గారు పదవిలో ఉండగానే చనిపోయారు. జులైలో బెంగళూరులో కాంగ్రెస్ పెద్దలు కూర్చున్నారు. సిండికేట్ అనేవాళ్లు వాళ్లని, కామరాజ్, నిజలింగప్ప, ఎస్.కె.పాటిల్ వగైరా. వాళ్లు సంజీవరెడ్డి అన్నారు, ఇందిర జగ్జీవన్‌రామ్ అన్నారు, పార్టీ పార్లమెంటరీ బోర్డులో ఇందిర మాట చెల్లలేదు. ఆవిడ పైకి సరే అన్నారు, సంజీవరెడ్డి నామినేషన్ పత్రం మీద ప్రతిపాదకురాలిగా సంతకం కూడా పెట్టారు.

ఇప్పుడు ఒక తేదీ చూడండి, 1969 జులై 19. ఆ రోజు సంజీవరెడ్డి స్పీకరు పదవికి రాజీనామా ఇచ్చారు. అదే రోజు 14 బ్యాంకుల జాతీయకరణ ఆర్డినెన్సు వచ్చింది. దాని మీద సంతకం చేసింది తాత్కాలిక రాష్ట్రపతి వి.వి.గిరి, సంతకం పెట్టేసి మర్నాడే ఆయన కూడా రాజీనామా చేసి ఇండిపెండెంట్‌గా బరిలోకి దిగారు. అమరావతి జైల్లో కలిసున్న ఇద్దరు తెలుగువాళ్లు, గిరి గారిది బరంపురం తెలుగు కుటుంబం, ఇప్పుడు ఎదురెదురు. బ్యాంకులతో ఇందిర పేరు ఊరూరా మోగిపోతోంది, వీధుల్లో జనం ఆవిడ వైపు, ఆఫీసు రూముల్లో సిండికేట్ సంజీవరెడ్డి వైపు.

మూడో అభ్యర్థి సి.డి.దేశ్‌ముఖ్, స్వతంత్ర, జనసంఘ్ పార్టీలు నిలబెట్టాయి. రాష్ట్రపతి ఎన్నికలో ఓటేసేది ఎంపీలు, ఎమ్మెల్యేలు, ఒక్కో ఓటుకి ఒక విలువ ఉంటుంది, అభ్యర్థుల్ని నచ్చిన వరసలో ఒకటి, రెండు అని గుర్తించాలి. పార్టీ అధ్యక్షుడు నిజలింగప్ప వెళ్లి ఆ పార్టీలవాళ్లతో మాట్లాడారు, మీ రెండో ప్రాధాన్యం ఓటు మావాడికి వెయ్యండి అని. అంతే, ఇందిరకి కావాల్సిన పట్టు దొరికింది, మతతత్వ పార్టీలతో బేరాలా అని ఎదురుతిరిగి, విప్, అంటే పార్టీ చెప్పినవాడికే ఓటెయ్యాలన్న ఆదేశం, జారీ చెయ్యడానికి ఒప్పుకోకుండా, ఎవరి అంతరాత్మ ప్రకారం వాళ్లు వేసుకోండి అన్నారు. అదే అంతరాత్మ ప్రబోధం. అప్పటి నుంచి మన రాజకీయాల్లో క్రాస్ ఓటింగ్ చేసిన ప్రతివాడికీ అంతరాత్మ ఉంటుంది.

మా నాన్న ఆ రోజు రేడియో దగ్గర కూర్చున్న కథ నాకు నోటికొచ్చు. ఆగస్టు 20, లెక్కింపు. ఊళ్లో రేడియో ఉన్నది రెండిళ్లలో, కరణం గారి అరుగు మీద వేరుశనక్కాయలు వలుచుకుంటూ 30 మంది. మొదటి ప్రాధాన్యం ఓట్ల విలువ గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కి 1,12,769. గెలవడానికి కావాల్సిన కోటా 4,18,169, ఎవరికీ రాలేదు. అప్పుడు కింది అభ్యర్థుల్ని ఒక్కొక్కరిగా తీసేస్తూ వాళ్ల రెండో ప్రాధాన్యాలు పంచుకుంటూ పోవాలి. 88 వేల తేడా కరగడం మొదలయింది. అరుగు మీద కాయలు ఆగిపోయాయట. చివరికి గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427.

పిల్లలకి చెప్పడానికి ఒక లెక్క ఇస్తా. అప్పుడు ఒక్కో ఎంపీ ఓటు విలువ 576. తేడా 14,650. అంటే గిరికి పడ్డ ఎంపీ ఓట్లలో పదమూడు ఇటు వచ్చుంటే సంజీవరెడ్డి ముందుండేవారు. గిరి కోటా దాటింది ఎంతతో? 1,908. అది నలుగురు ఎంపీల ఓట్లంత కూడా కాదు. మొత్తం దేశం, బ్యాంకులు, అంతరాత్మలు, అన్నీ కలిపి ఇంత సన్నటి దారం మీద వేలాడాయి. ఆ నవంబర్‌లో కాంగ్రెస్ రెండు ముక్కలయింది. సంజీవరెడ్డి అనంతపురం వచ్చి పొలం చూసుకున్నారు.

రాష్ట్రపతి ఎన్నికకి నేను కూడా నామినేషన్ వెయ్యొచ్చా? సంజీవరెడ్డి గారు ఏకగ్రీవంగా ఎలా అయ్యారు, అప్పుడు ఎవరూ వెయ్యలేదా? – ఓ హోటల్ యజమాని, నంద్యాల

మీ ఊరి నుంచే వెళ్లారండీ ఆయన! మీరు తెలిసే అడిగారేమో. 1975 మే 1న హైదరాబాద్‌లో జయప్రకాశ్ నారాయణ్ గారి సభలో మళ్లీ కనపడ్డారు, ఎమర్జెన్సీ వచ్చింది, పోయింది, 1977 ఎన్నికలొచ్చాయి. ఉత్తరాదిలో కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోతే మన దగ్గర సీన్ రివర్స్, 42 సీట్లలో 41 కాంగ్రెస్. మిగిలిన ఆ ఒక్కటి నంద్యాల, జనతా పార్టీ, నీలం సంజీవరెడ్డి. తర్వాత 1991లో పి.వి.నరసింహారావు గారు ప్రధాని హోదాలో ఉప ఎన్నికకి వచ్చింది కూడా మీ నంద్యాలకే, ఢిల్లీకి పెద్ద పోస్టులు పంపడంలో మీకు చెయ్యి తిరిగింది.

మార్చి 26న స్పీకరు, అదీ ఏకగ్రీవంగా. ఫకృద్దీన్ అలీ అహ్మద్ గారు ఫిబ్రవరిలోనే పోయారు కాబట్టి రాష్ట్రపతి కుర్చీ ఖాళీగా ఉంది. ప్రధాని మొరార్జీ మనసులో నాట్యకారిణి రుక్మిణీదేవి అరుండేల్ ఉన్నారు, ఆవిడ నాకొద్దు అన్నారు. చివరికి ప్రతిపక్ష కాంగ్రెస్‌తో సహా అందరూ సంజీవరెడ్డి మీద కుదిరారు. జులై 13న స్పీకరు పదవికి మళ్లీ రాజీనామా, అంటే నాలుగు నెలలు కూడా కూర్చోలేదు.

నామినేషన్లు మాత్రం 37 పడ్డాయి, పరిశీలనలో 36 కొట్టేశారు, మిగిలింది ఈయనది. జులై 21న ఏకగ్రీవం అని ప్రకటించారు, 25న ప్రమాణం, 64 ఏళ్లు. అంత చిన్న వయసులో అంతకుముందు ఎవరూ కాలేదు, 2022లో ద్రౌపది ముర్ము గారు వచ్చేదాకా ఆ రికార్డు ఉండింది. పోటీ లేకుండా రాష్ట్రపతి అయినవాళ్లు ఇప్పటికీ ఈయనొక్కరే.

ఇక మీ నామినేషన్. 1969లో ఒకరు ప్రతిపాదించి ఒకరు బలపరిస్తే చాలు, అందుకే సరదాకి వేసేవాళ్లు ఎక్కువైపోయారని 1974లో పదిమంది, పదిమంది చేశారు, 2,500 డిపాజిట్. 1997 నుంచి 50 మంది ప్రతిపాదించాలి, 50 మంది బలపరచాలి, అందరూ ఎంపీలో ఎమ్మెల్యేలో అయ్యుండాలి, 15,000 కట్టాలి. డబ్బులు మీ దగ్గర ఉంటాయి, ఆ వందమంది మీ హోటల్‌కి టిఫిన్‌కి వచ్చినప్పుడు అడిగి చూడండి.

మీ జిల్లా మనిషి అని మొహమాటపడకుండా చెప్పండి. 1979లో జగ్జీవన్‌రామ్‌ని ప్రధాని కాకుండా అడ్డుకున్నది సంజీవరెడ్డే కదా? – ఓ లాయరు, గుంటూరు

మొహమాటం లేదు లాయరు గారూ. జులై 15న మొరార్జీ రాజీనామా చేశారు. రాష్ట్రపతి ముందు ప్రతిపక్ష నాయకుడు వై.బి.చవాన్‌ని పిలిచారు, ఆయన వల్ల కాలేదు. తర్వాత మొరార్జీనీ చరణ్‌సింగ్‌నీ మీ మీ మద్దతుదార్ల లిస్టులివ్వండి అన్నారు, చివరికి చరణ్‌సింగ్ చేత జులై 28న ప్రమాణం చేయించారు, ఆగస్టులో సభలో బలం చూపించు అన్న షరతుతో. ఇందిర మద్దతిస్తానని నిలబెట్టి, సభ మొదలయ్యే వేళకి కుర్చీ లాగేసింది. ఆగస్టు 20న చరణ్‌సింగ్ పార్లమెంటు మొహం చూడకుండానే రాజీనామా చేసి, పోతూ పోతూ లోక్‌సభని రద్దు చెయ్యమని సలహా ఇచ్చారు. 22న రాష్ట్రపతి రద్దు చేశారు.

జనతా పార్టీ తరఫున జగ్జీవన్‌రామ్ తలుపు దగ్గరే ఉన్నారు, నాకు బలం ఉంది, ఒక్క అవకాశం ఇవ్వండి అని. ఇవ్వలేదు. చంద్రశేఖర్ లాంటివాళ్లు రాష్ట్రపతిని అభిశంసిస్తాం అనేదాకా వెళ్లారు.

సంజీవరెడ్డి వైపు వాదన ఏంటంటే ఫిరాయింపులతో సభ మొత్తం ముక్కలైపోయింది, ఇంకొకర్ని పిలిచినా ఇంకో నెలకి ఇదే నాటకం, అంతకన్నా జనం దగ్గరికే పోదాం. అది తీసిపారేసే వాదన కాదు. కానీ సభలో ఒక్క రోజు కూడా బలం నిరూపించుకోని ప్రధాని ఇచ్చిన సలహాతో సభనే రద్దు చెయ్యడం, అది కూడా బయట ఒక మనిషి వరసలో నిలబడి ఉండగా, నాకు మింగుడుపడదు. చరణ్‌సింగ్‌కి ఇచ్చిన మూడు వారాలు జగ్జీవన్‌రామ్‌కి ఇచ్చుంటే ఆయన గెలిచేవారో ఓడేవారో సభే తేల్చేది. దేశానికి దళిత ప్రధాని దొరికే అవకాశం అంత దగ్గరికొచ్చి వెనక్కిపోయింది.

ఇంకో సంగతి, ఇది వాదన కాదు, ఊరికే చెబుతున్నా. 1969లో సంజీవరెడ్డికి బదులుగా ఇందిర చెప్పిన పేరు ఇదే జగ్జీవన్‌రామ్‌ది. సంజీవరెడ్డి ఓడింది ఆగస్టు 20, పదేళ్ల తర్వాత చరణ్‌సింగ్ దిగిందీ ఆగస్టు 20నే. ఆయన మనసులో ఏముందో నేనెట్లా చెప్తాను, కర్నూలు బస్సుల కేసులాగే ఇదీ, అఫిడవిట్ లేదు.

రద్దు వల్ల లాభపడింది ఎవరు? 353 సీట్లతో ఇందిర. 1980 జనవరి 14న ఆవిడ చేత ప్రమాణం చేయించింది సంజీవరెడ్డి గారే. ఆవిడ రాయ్‌బరేలీ, మన మెదక్ రెండుచోట్లా గెలిచి మెదక్ ఉంచుకున్నారు.

శ్రీశైలం డ్యామ్‌కి ఆయన పేరుందా? – ఓ గృహిణి, మార్కాపురం

ఉందమ్మా, నీలం సంజీవరెడ్డి సాగర్. ఆయన రెండోసారి సీఎంగా ఉన్నప్పుడు 1963లో నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. మనం ఎవరం ఆ పేరుతో పిలవం, శ్రీశైలం డ్యామ్ గేట్లెత్తారంట అనే అంటాం.

రాష్ట్రపతిగా జీతం తగ్గించుకున్నారంటారు, నిజమా? చివరిరోజుల్లో మా బెంగళూరులో ఎందుకున్నారు, సొంతూరు వదిలేసి? – ఓ తెలుగు కుటుంబం, బెంగళూరు

నిజమే. రాష్ట్రపతి జీతం అప్పుడు నెలకి 10,000, అందులో 70 శాతం వదులుకుంటున్నట్టు ప్రకటించారు, మిగిలేది 3,000. ఐదేళ్లూ పూర్తిచేసి 1982 జులై 25న జైల్‌సింగ్ గారికి అప్పగించి దిగారు. లెక్కేసి చూడండి, సీఎంగా రెండుసార్లు, స్పీకరుగా రెండుసార్లు, నాలుగూ మధ్యలోనే వదిలేసిన మనిషి పూర్తి కాలం కూర్చున్నది ఆ ఒక్క కుర్చీలోనే.

బెంగళూరులో ఉండిపొమ్మని అప్పటి కర్ణాటక ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే పిలిచారు గానీ, ఈయన అనంతపురంలో తన పొలానికే వెళ్లారు. సొంతూరు వదిలేశారు అని మాత్రం అనకండి, అనంతపురంవాళ్లకి బెంగళూరు పరాయి ఊరేం కాదు. హైదరాబాద్ పోవాలంటే రాత్రి బస్సెక్కాలి, బెంగళూరు అయితే పొద్దున సంగటి తిని బయల్దేరితే మధ్యాహ్నానికి అక్కడుంటాం, ఆస్పత్రికైనా పెళ్లి చీరలకైనా మాకు అదే. 1996 జూన్ 1న అక్కడే న్యుమోనియాతో పోయారు, 83 ఏళ్లు.

ఇల్లూరుకి ఎప్పుడైనా వెళ్లాలనుకుంటే బెంగళూరు నుంచి హైవే మీద అనంతపురం దాటి గార్లదిన్నె దగ్గర తిరగాలి. ఎండాకాలం మాత్రం వద్దు.